కాలు చౌకైంది, చెయ్యి ఎందుకు కాలేదు?

2025 జులైలో బీబీనగర్ ఎయిమ్స్‌లో ఒక కృత్రిమ పాదాన్ని విడుదల చేశారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తలు, ఎయిమ్స్ వైద్యులు కలిసి తయారుచేసిన కార్బన్ ఫైబర్ పాదం అది. విదేశాల నుంచి తెప్పించే ఇలాంటి పాదానికి రెండు లక్షల దాకా అవుతుంటే, ఇది ఇరవై వేల లోపే వస్తుందని ప్రకటించారు. క్షిపణులు తయారుచేసే ల్యాబ్ నుంచి సామాన్యుడి కాలికి పనికొచ్చే వస్తువు రావడం నిజంగా మంచి వార్తే.

కానీ లేత్ మెషిన్ మీద, పవర్ ప్రెస్ కింద చెయ్యి పోగొట్టుకున్న కార్మికుడి ఇంట్లో ఈ వార్త చదివితే వచ్చే ప్రశ్న వేరు. చెరుకు రసం మెషిన్‌లో ముంజేయి నలిగిపోయిన కుర్రాడి ఇంట్లో, గాలిపటం కోసం హైటెన్షన్ తీగ దగ్గరికి పోయి చెయ్యి కాల్చుకున్న పిల్లాడి ఇంట్లో కూడా అదే ప్రశ్న. కాలు సరే, మరి చెయ్యి ఎప్పుడు?

కండరాల సంకేతాలతో నడిచే కృత్రిమ చెయ్యి ఇప్పుడు కొత్త వింత కాదు. హైదరాబాద్‌లోనే మేకర్స్ హైవ్ అనే సంస్థ ‘కల్‌ఆర్మ్’ పేరుతో అలాంటి చేతిని తయారుచేస్తోంది. దిగుమతి చేతులతో పోలిస్తే ధర చాలా తక్కువన్నది ఆ సంస్థ చెప్పే మాట. అయినా ఈ రకం చేతుల ధర మొత్తం మీద చూస్తే రెండు మూడు లక్షల దగ్గర మొదలవుతుంది. ఐదు వేళ్లూ విడివిడిగా కదిలే విదేశీ రకాలకు ఇరవై లక్షలు కూడా దాటుతుంది. నెలకు పదిహేను వేలు తెచ్చే ఇంటికి ఇందులో మొదటి అంకె కూడా అందదు. ధర ఒక్కటే అడ్డమైతే ఏదో ఒక ల్యాబ్ రేపో మాపో దాన్ని తగ్గిస్తుంది. అసలు చిక్కు ధరలో సగమే ఉంది. మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

వేళ్లు పోయినా ఇంజను మిగులుతుంది

కుడి చేత్తో ఎడమ ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకుని, ఎడమ చేతి వేళ్లు ముడిచి తెరిచి చూడండి. కదిలేది వేళ్లే, కానీ బిగిసేది ముంజేయి. వేళ్లను ఆడించే పెద్ద కండరాలు చాలావరకు అరచేతిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి స్నాయువులు వేళ్ల దాకా పోయి వాటిని లాగుతాయి. అందుకే మణికట్టు దగ్గర చెయ్యి తెగినా దాన్ని నడిపిన ఇంజను చాలామటుకు ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ మనిషి పిడికిలి బిగించాలనుకుంటే మెదడు ఎప్పటిలాగే ఆదేశం పంపుతుంది, కండరం ఎప్పటిలాగే బిగుస్తుంది. లాగడానికి వేలు మాత్రం ఉండదు.

కండరం బిగిసినప్పుడల్లా అందులో కొద్దిపాటి విద్యుత్ పుడుతుంది. చర్మం మీద పెట్టిన ఎలక్ట్రోడ్ దాకా వచ్చేసరికి అది వోల్టులో వెయ్యో వంతు, చాలాసార్లు అంతకంటే తక్కువే. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు అని గుర్తుంచుకుంటే ఇది ఎంత చిన్నదో తెలుస్తుంది. దీనికి తోడు ఇంట్లో ఉన్న ప్రతి వైరు నుంచి 50 హెర్ట్జ్ కరెంటు గోల దానిలో కలుస్తుంది. చేతిలోని సర్క్యూట్ ఆ గోలను వడకట్టి, అసలు సంకేతాన్ని కొన్ని వందల రెట్లు, వేల రెట్లు పెంచి, మోటారుకు అర్థమయ్యే ఆజ్ఞగా మార్చాలి. అది కూడా సెకనులో చిన్న భాగంలోనే. ఆలస్యమైతే చాయ్ కప్పు కింద పడుతుంది.

మామూలు రకంలో రెండే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మణికట్టును లోపలికి వంచే కండరం మీద ఒకటి, వెనక్కి లేపే కండరం మీద ఇంకొకటి. మొదటిది బిగిస్తే చెయ్యి మూసుకుంటుంది, రెండోది బిగిస్తే తెరుచుకుంటుంది. మణికట్టు తిప్పాలంటే చాలా చేతుల్లో రెండు కండరాలనూ ఒక్కసారిగా బిగించి ‘మోడ్’ మార్చాలి. అంటే కప్పు ఎత్తి నోటి దగ్గర వంచడానికి తెరవాలి, మూయాలి, మోడ్ మార్చాలి, తిప్పాలి. సొంత చెయ్యి ఉన్నవాళ్లు ఇవన్నీ ఎప్పుడూ విడివిడిగా ఆలోచించి ఉండరు.

ఈ ఆలోచన పాతదే. జర్మనీలోని మ్యూనిక్‌లో రైన్‌హోల్డ్ రైటర్ 1940లలోనే ఇలాంటి చేతిని తయారుచేశాడు. 1960 నాటికి సోవియట్ శాస్త్రవేత్తలు దాన్ని రోగులు వాడే దశకు తెచ్చారు. ఐదు వేళ్లకూ విడిగా మోటార్లున్న చెయ్యి బజారుకు వచ్చింది మాత్రం 2007లో, స్కాట్లాండ్ నుంచి. ఆ తర్వాత వచ్చిన మార్పు సాఫ్ట్‌వేర్‌లో. రెండు ఎలక్ట్రోడ్ల బదులు ముంజేతి చుట్టూ ఎనిమిది దాకా పెట్టి, ఏ వేలు అనుకుంటే ఏ కండరాలు కలిసి ఎలా బిగుస్తున్నాయో కంప్యూటర్‌కు నేర్పుతున్నారు. అమెరికాలో 2001లో కరెంటు షాక్‌తో రెండు చేతులూ భుజాల దాకా పోయిన ఒక లైన్‌మన్‌కు చికాగో వైద్యులు ఇంకో దారి చూపారు. చేతికి పోవాల్సిన నరాలను ఛాతీ కండరాలకు కలిపారు. అతను చెయ్యి ముడవాలనుకుంటే ఛాతీ కండరం బిగిసేది, అక్కడి సంకేతంతో యంత్రపు చెయ్యి ముడుచుకునేది.

సోషల్ మీడియాలో ‘ఆలోచనతో నడిచే చెయ్యి’ అని తిరిగే వీడియోల్లో చాలావరకు ఇవే. అవి మెదడును చదవడం లేదు, కండరాన్ని చదువుతున్నాయి. కండరాన్ని నమ్ముకున్న యంత్రం ఆ కండరం ఎంత బతికి ఉందో, ఎంత సాధన చేసిందో దాన్ని బట్టే పనిచేస్తుంది. పాదానికీ చేతికీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. కార్బన్ ఫైబర్ పాదం స్ప్రింగులా ఒంటి బరువును తీసుకుని తిరిగి తోస్తుంది. దానికి ఆజ్ఞ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. కొత్త కాలితో నడక నేర్చుకోవడం చిన్న పని కాదు, కానీ నేర్చుకున్నాక అడుగు అడుగుకూ మోడ్ మార్చాల్సిన పని ఉండదు.

కొన్న చెయ్యి బీరువాలో ఎందుకు పడుంటుంది?

పాతికేళ్ల పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో వచ్చింది. దాని ప్రకారం మోటారు చేతులు పెట్టించుకున్న పెద్దవాళ్లలో సగటున 23 శాతం మంది, పిల్లల్లో 35 శాతం మంది వాటిని వదిలేశారు. తాడు, బెల్టుతో నడిచే పాత రకం చేతుల్లోనూ పరిస్థితి ఇంతకంటే బాగా లేదు. పెద్దల్లో 26 శాతం, పిల్లల్లో 45 శాతం. ఇవన్నీ ఎక్కువగా ధనిక దేశాల లెక్కలు. అక్కడ చెయ్యి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, నేర్పేవాళ్లూ ఉన్నారు.

కారణాలు ఇంట్లో కూర్చుని ఊహించుకోగలిగేవే. సొంత చెయ్యి ఎముకకు అతుక్కుని ఉంటుంది కాబట్టి బరువు తెలియదు. యంత్రపు చెయ్యి తొడుగులో చర్మానికి వేలాడుతుంది, సాయంత్రానికి బండరాయిలా అనిపిస్తుంది. తొడుగు లోపల గాలి ఆడదు. హైదరాబాద్ మే నెలలో, కర్నూలు ఎండలో అందులో చెమట పడుతుంది. చెమట పడితే ఎలక్ట్రోడ్ జారుతుంది, అది జారితే చెయ్యి చెప్పిన మాట వినదు, ఒక్కోసారి చెప్పకుండానే తెరుచుకుంటుంది. దేన్నైనా పట్టుకున్నప్పుడు అది వేడిగా ఉందో, మెత్తగా ఉందో చాలా చేతులు చెప్పలేవు. కళ్లతో చూస్తూ పట్టుకోవాల్సిందే. అన్నం కలుపుకుని తినే ఇళ్లలో ఇది చిన్న లోటు కాదు. పోయింది కుడి చెయ్యి అయితే మరీనూ.

ఇంకో విషయం కంపెనీల కరపత్రాల్లో కనిపించదు. ఇలాంటి చేతుల్లో చాలావాటికి నీళ్లు పడవు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే మనిషి ఐదుసార్లు దాన్ని తీయాలి, చర్మం ఆరబెట్టాలి, మళ్లీ తొడిగి ఎలక్ట్రోడ్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకోవాలి. తెగిన భాగం విషయంలో, తొడుగు విషయంలో మస్‌అలా ఏమిటన్నది ఉలమాలను అడగాల్సిన మాట. తీసి తొడగడం ఒంటి చేత్తో ఎంత తేలిగ్గా అవుతుందన్నది మాత్రం కొనేముందు కంపెనీని అడగాల్సిన మాట. షోరూములో ఒకసారి తొడిగి చూసి చెక్కు రాసేస్తే ఈ సంగతి ఇంటికి వచ్చాకే తెలుస్తుంది.

ఒంటి గడియారం వేరు, ఆఫీసు గడియారం వేరు

పై సమీక్ష చేసినవాళ్లే 2008లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. చెయ్యి పోయిన ఆరు నెలల లోపు కృత్రిమ చెయ్యి అమర్చుకున్నవాళ్లు, పుట్టుకతోనే చెయ్యి లేని పిల్లలైతే రెండేళ్ల లోపు అమర్చుకున్నవాళ్లు, దాన్ని వాడుతూ కొనసాగే అవకాశం మిగతావారికంటే 16 రెట్లు ఎక్కువగా కనిపించింది. మొత్తం వ్యవహారంలో కీలకమైన అంకె ఇదే.

ఆలస్యమైతే వాడని కండరం సన్నబడుతుంది. మనిషి ఒంటి చేత్తో గుండీ పెట్టుకోవడం, ఫోన్ నడపడం, పళ్లతో ప్యాకెట్ చింపడం నేర్చేసుకుంటాడు. రెండేళ్ల తర్వాత ఎవరో దయతో మంచి చెయ్యి తెచ్చి ఇచ్చినా, దానికోసం మళ్లీ మొదటి నుంచి కష్టపడటం ఎందుకనిపిస్తుంది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు.

ఇప్పుడు ఇక్కడి క్రమం చూడండి. ఆపరేషన్ అవుతుంది, కుట్లు తీస్తారు, డిశ్చార్జ్ కాగితం చేతిలో పెడతారు. మిగిలిన కండరానికి రోజూ కసరత్తు చేయించాలని, లేని వేళ్లను ముడిచినట్టు తెరిచినట్టు ఊహించుకుంటూ బిగించి వదలాలని చెప్పే మనిషి ఆ వార్డులో ఉంటే అదృష్టమే. ఆ కసరత్తుకు పైసా ఖర్చు లేదు, డాక్టరు గాయం మానిందని చెప్పగానే మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత సదరం సర్టిఫికెట్, పింఛను దరఖాస్తు. తెలంగాణలో నెలకు రూ.4,016, ఆంధ్రప్రదేశ్‌లో రూ.6,000 వస్తాయి. ఆ సొమ్ము ఇంటికి ఆసరా అవుతుంది, చెయ్యి మాత్రం కాలేదు. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం ఉంది, కాన్పూర్‌లో 1972లో పెట్టిన అలిమ్‌కో ఉంది. వాటి శిబిరాల్లో ట్రైసైకిళ్లు, వినికిడి యంత్రాలు, ఊతకర్రలు, కృత్రిమ అవయవాలు ఇస్తారు. రోటరీ క్లబ్బులు ఎల్‌ఎన్-4 అనే ప్లాస్టిక్ చేతిని ఉచితంగా తొడుగుతాయి. దానిలో కరెంటు ఉండదు. కానీ పెన్ను పట్టడానికి, సంచి మోయడానికి, సైకిల్ హ్యాండిల్ పట్టుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. మోటారు చెయ్యి కొనలేనివాళ్లు దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పని లేదు. అయితే శిబిరం ఎప్పుడు పెడితే అప్పుడే పోవాలి. ఒంటి గడియారం ఆరు నెలలకు మోగితే, శిబిరం గడియారం ఎప్పుడు మోగుతుందో ఎవరూ చెప్పరు.

వీటన్నింటిలో ఉన్న పద్ధతి ఒకటే. డబ్బు వస్తువుకు ఇస్తారు. నేర్పడానికి, తొడుగు మార్చడానికి, బ్యాటరీ పోతే వేయడానికి లెక్క ఉండదు. దాతలూ ఇంతే, జకాత్ కమిటీలూ చాలావరకు ఇంతే. చెయ్యి తొడిగిన ఫొటో పేపర్లో వస్తుంది, ఎనిమిది నెలల తర్వాత తొడుగు వదులైన ఫొటో రాదు.

ఇలాగే ఉండాలని ఏమీ లేదు. తెలుగు రాష్ట్రాల్లోనే ఇందుకు వేరే ఉదాహరణ ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను చేర్చినప్పుడు, ఒక్కో పిల్లవాడికి రూ.6.50 లక్షల దాకా ఖర్చు పెట్టేలా నిబంధన పెట్టారు. అందులో ఆపరేషన్ ఒక్కటే లేదు. తర్వాత పిల్లవాడికి వినడం, మాట్లాడటం నేర్పే థెరపీ కూడా అదే ప్యాకేజీలో ఉంది. ఎందుకంటే చెవిలో యంత్రం పెట్టినంత మాత్రాన పిల్లవాడు మాట్లాడడని అప్పటి వైద్యులకు తెలుసు, ప్రభుత్వాన్ని ఒప్పించారు. కండరాల సంకేతాలతో నడిచే చేతిది కూడా అచ్చం ఇదే పరిస్థితి. ఖర్చు కూడా అదే స్థాయిలో ఉంది, చాలా కేసుల్లో అంతకంటే తక్కువే. చెవికి పదిహేనేళ్ల కిందటే ఒప్పుకున్న లెక్కను చేతికి ఎందుకు ఒప్పుకోరన్నది ఎమ్మెల్యేలను, ఆరోగ్య మంత్రులను సూటిగా అడగదగ్గ ప్రశ్న.

కోర్టు ఇచ్చిన దారి

ప్రమాదంలో చెయ్యి పోయినవాళ్లకు ఇంకో దారి ఉంది. అయితే అది నెమ్మది దారి. కార్మికుల నష్టపరిహారం కోసం వచ్చిన 1923 చట్టం పట్టికలో ఒక చెయ్యి పోతే సంపాదన శక్తిలో 60 శాతం నష్టమని రాశారు. ఆ అంకె చూపించి యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ అక్కడే ఆగిపోతారు. కానీ అది చివరి మాట కాదు. ఎడమ చెయ్యి మోచేతి పైన పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు దాదాపు యాభై ఏళ్ల కిందటే, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని తేల్చింది. రోడ్డు ప్రమాదాల విషయంలో 2010లో వచ్చిన రాజ్‌కుమార్ కేసు తీర్పు కూడా అదే చెప్పింది. గుమాస్తా చెయ్యి పోవడం, డ్రైవరు చెయ్యి పోవడం ఒకటి కాదు. మెకానిక్, దర్జీ, జరీ కారిగర్, వెల్డర్ ఎవరైనా సరే, క్లెయిములో తాము చేసే పని ఏమిటో, అందులో రెండు చేతులూ ఎలా అవసరమో వివరంగా రాయించుకోవాలి.

కృత్రిమ అవయవం ఖర్చు గురించి ఇంకా నేరుగా చెప్పిన తీర్పు 2022 డిసెంబరులో వచ్చింది. మొహమ్మద్ సబీర్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసు అది. 37 ఏళ్ల వయసులో బస్సు ప్రమాదంలో కాలు పోయిన మనిషికి ఒక కృత్రిమ కాలు ఐదారేళ్లే వస్తుందని, మధ్యలో మరమ్మతులూ ఉంటాయని సుప్రీంకోర్టు లెక్కగట్టింది. ఒక్కోటి రూ.2.60 లక్షల చొప్పున మూడు కాళ్లకు రూ.7.80 లక్షలు, 70 ఏళ్లు వచ్చేదాకా నిర్వహణకు విడిగా రూ.5 లక్షలు ఇవ్వమంది. అవయవాన్ని ఒక్కసారి కొనే వస్తువుగా కాకుండా జీవితాంతం ఉండే ఖర్చుగా కోర్టు గుర్తించింది. ప్రభుత్వ పథకాల్లో కనిపించని లెక్క ఈ తీర్పులో కనిపిస్తుంది.

కేసు కాలికి సంబంధించినదే అయినా వాదన చేతికీ వర్తిస్తుంది. అయితే ట్రిబ్యునల్ దానంతట అది ఇవ్వదు, అడగాలి. కొటేషన్ కావాలి, ఎన్నేళ్లకు మార్చాలో కంపెనీ రాసిచ్చిన కాగితం కావాలి, డాక్టరు సిఫారసు కావాలి. లోక్ అదాలత్‌లో తొందరపడి ఒక మొత్తానికి సంతకం పెట్టేస్తే ఈ పద్దులు అందులోనే కలిసిపోతాయి, మళ్లీ తెరవడం దాదాపు అసాధ్యం. ఇంట్లో అప్పులు పెరిగి ఉంటాయి కాబట్టి రెండు లక్షలు కనిపించగానే సంతకం పెట్టే కుటుంబాలను తప్పుపట్టలేం. పెట్టేముందు ఒకసారి లాయరును ఈ తీర్పు గురించి అడిగితే చాలు.

పిల్లల విషయంలో లెక్క ఇంకా కఠినం. పిల్లవాడి ముంజేయి పెరుగుతుంది, తొడుగు పెరగదు. ఎదిగే వయసులో దాన్ని పదే పదే మార్చాల్సి వస్తుంది. ప్రపంచంలో ఈ సమస్య ఇప్పుడు అతి పెద్దగా ఉన్న చోటు గాజా. జనాభా నిష్పత్తిలో చూస్తే అవయవాలు కోల్పోయిన పిల్లలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా అక్కడే ఉన్నారని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ 2024 డిసెంబరులో చెప్పారు. రెండు చేతులూ పోయిన గాజా బాలుడిని దోహాలో తీసిన ఫొటోకు 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డు వచ్చింది. తీసింది పాలస్తీనా ఫొటోగ్రాఫర్ సమర్ అబూ ఎలూఫ్. ఆ ఫొటో చూసి కళ్లు చెమర్చని ఇల్లు ఉండదు. అలాంటి పిల్లలకు విరాళాలు పోగుచేసే సంస్థలు కూడా అదే ప్రశ్నను ఎదుర్కోవాలి. ఈ ఏడాది చెయ్యి ఇస్తారు సరే, వచ్చే ఏడాది తొడుగు ఎవరు మారుస్తారు?

బీబీనగర్ పాదం విషయంలో అందరి దృష్టీ ధర మీదే పడింది. చేతి విషయంలో అలాంటి ప్రకటన ఎప్పుడైనా వస్తే ధర పక్కనే ఇంకో నాలుగు మాటలు అడగాలి. నేర్పేది ఎవరు, ఎన్ని వారాలు? తొడుగు వదులైతే ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్ దాకా రావాలా, జిల్లా ఆసుపత్రిలోనే సరిచేస్తారా? బ్యాటరీ, మోటారు పోతే విడిభాగం ఎంతకు దొరుకుతుంది, ఎన్నేళ్ల పాటు? చెయ్యి తెగిన రోజు నుంచి ఆరు నెలల లోపు అది ఆ మనిషి ముంజేతి మీద ఉంటుందా?